ఫిట్‌నెస్ ఫీజు వయసు చూస్తోంది.. తుప్పు మాత్రం రూటు చూస్తోంది! పాత లారీ కొనేముందు కింద ఏం చూడాలి?

పాత లారీల మీద ఇప్పుడు నడుస్తున్న గొడవంతా ఒక్క అంకె చుట్టూనే. అదే బండి వయసు. పదిహేనేళ్లు దాటిన లారీలు, బస్సుల ఫిట్‌నెస్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 1,500 రూపాయల నుంచి ఏకంగా 12,500 చేసింది. 2025 నవంబరులో ఇంకో అడుగు ముందుకేసి, పదేళ్లు దాటిన బండి నుంచే వయసును బట్టి స్లాబులు పెట్టింది. ఇరవై ఏళ్లు దాటిన హెవీ వాహనానికి టెస్ట్ ఫీజు 25,000 రూపాయలుగా పెట్టింది. లారీ యజమానుల సంఘాలు దీనిపై గట్టిగానే అభ్యంతరం చెప్పాయి.

ఫీజు సంగతి అలా ఉంచితే, ఈ గొడవలో ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఒకటుంది. బండి పాడయ్యిందో లేదో వయసు చెబుతుందా? ఇంజిన్ పొగ విషయంలో కొంతవరకు చెబుతుంది. పాత ఇంజిన్ ఎక్కువ పొగ వదులుతుంది, అందులో వాదన లేదు. కానీ లారీకి వెన్నెముక ఛాసిస్. దాన్ని తినేది ఏళ్లు కాదు, తుప్పు. తుప్పు ఆర్సీలో తయారీ సంవత్సరం చూసి పట్టదు. బండి ఏ రూటులో తిరిగింది, ఏ సరుకు మోసింది, రాత్రి ఎక్కడ ఆగింది.. వీటిని బట్టి పడుతుంది.

రెండు బండ్లు ఊహించుకోండి. ఒకటి 2013 మోడల్, నిజామాబాద్ వైపు ధాన్యం, బియ్యం మోసింది. రెండోది 2019 మోడల్, భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసులో పెట్టిన చేపలు, రొయ్యలు ఎక్కించుకుని బెంగాల్, అస్సాం దాకా తిరిగింది. కాగితం మీద రెండోదే మంచి బండి. ఫైనాన్స్ కూడా దానికే తేలిగ్గా వస్తుంది. కిందకి దూరి చూస్తే మాత్రం లెక్క తారుమారయ్యే అవకాశం చాలా ఎక్కువ.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? పది బండ్లున్న ట్రాన్స్‌పోర్టు ఆసామి కాదు. ఆయన దగ్గర మెకానిక్ ఉంటాడు, అనుభవం ఉంటుంది. పదేళ్లు డ్రైవరుగా చేసి, చేతిలో ఉన్న నాలుగు డబ్బులు డౌన్ పేమెంట్ కట్టి, మిగతాది ఫైనాన్స్‌లో తీసుకుని సొంత బండి కొనుక్కునే వాడు నష్టపోతాడు. ఇంజిన్ సౌండు విని, టైర్లు చూసి, క్యాబిన్ బాగుందని కొంటాడు. రెండేళ్లు తిరిగేసరికి కమాన్ బ్రాకెట్ దగ్గర ఛాసిస్ పగులుతుంది. బండి షెడ్డులో ఉంటుంది, ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇంత తుప్పు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇనుముకి నీళ్లు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. ఉప్పు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఉప్పు గాల్లోని తేమను లాక్కుంటుంది. వాన పడకపోయినా, బండి కడగకపోయినా, గాల్లో తేమ బాగా ఉన్న రాత్రి ఛాసిస్ మీద పేరుకున్న ఉప్పు పొర తనంతట తానే తడిసిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు పొద్దున్నే బండి కిందకి చెయ్యి పెడితే జిగటగా తగిలేది అదే. తెలంగాణలో చాలాచోట్ల ఎండాకాలంలో తేమ బాగా తగ్గిపోతుంది, ఇనుము పొడిగా ఉంటుంది. అందుకే ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండి కోస్తాలో ఒకలా, లోపలి జిల్లాల్లో ఇంకోలా ముసలిదవుతుంది.

చేపల లారీ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గోదావరి జిల్లాలు, కొల్లేరు చుట్టుపక్కల నుంచి వెళ్లే బొచ్చె, రోహు మంచినీటి చేపలే. వాటి ఐసు నీళ్లలో ఉప్పు పెద్దగా ఉండదు. కానీ సరుకు దిగేదాకా, రోజుల తరబడి తొట్టి అడుగు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఛాసిస్ ఆరే సమయమే దొరకదు. దానికి చేప జిగురు, బురద తోడు. ఇక ఉప్పునీటి చెరువుల రొయ్యలు, సముద్రపు చేపలు మోసే బండి అయితే చెప్పక్కర్లేదు, ఆ కారే నీళ్లలోనే ఉప్పు ఉంటుంది. రోడ్డు మీద ఆ నీళ్లకు బైకులు జారిపడుతున్నాయని ఎప్పటి నుంచో గొడవ ఉంది. అవే నీళ్లు ముందు పడేది ఆ బండి ఛాసిస్ మీద, బ్రేకు పైపుల మీద.

చేపలు ఒక్కటే కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ, బాపట్ల జిల్లా చిన్నగంజాం, నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు కొటారుల దగ్గర ఉప్పు మోసిన బండి. పోర్టుల నుంచి పొటాష్ ఎరువు మోసిన బండి.. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఇనుముకి అదీ ఉప్పు లాంటిదే. కృష్ణపట్నం, గంగవరం పోర్టుల నుంచి తడి బొగ్గు మోసిన టిప్పర్లు. బొగ్గు పొడి మూలల్లో ఇరుక్కుని నీళ్లు పట్టి ఉంచుతుంది, అందులోని గంధకం పుల్లటి తేమగా మారి ఇనుమును తింటుంది. ఇవేవీ ఆర్సీలో కనిపించవు.

ఇక వరద బండ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పెద్ద సంఖ్యలో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచింది, తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలా మునిగిన బండ్లన్నీ తుక్కుకి వెళ్లవు. కొన్ని బాగుచేసుకుని అమ్మకానికి వస్తాయి. అందులో తప్పేం లేదు, చెప్పి అమ్మితే. చెప్పకుండా వేరే జిల్లాకో, వేరే రాష్ట్రానికో తీసుకెళ్లి అమ్మితేనే సమస్య.

కిందకి దూరే ముందే సగం తెలిసిపోతుంది

అమ్మేవాడిని 'బండి ఏ సరుకు కొట్టింది?' అని సూటిగా అడగండి. 'అన్నీ కొట్టిందండీ' అంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చూపించమనండి. ఏ టోల్ గేట్లు దాటిందో తేదీలతో సహా ఉంటుంది. నెలకి ఎనిమిదిసార్లు కోల్‌కతా హైవే ఎక్కి దిగిన బండి 'లోకల్‌గా బియ్యం మోసింది' అంటే నమ్మక్కర్లేదు. పాత ఇన్సూరెన్స్ పేపర్లు అడిగి క్లెయిమ్ ఏమన్నా ఉందా చూడండి. ఆర్సీ, హైపోథికేషన్ క్లియరెన్స్, ట్యాక్స్, చలాన్లు ఎలాగూ చూస్తారు కాబట్టి వాటి గురించి ఇక్కడ చెప్పడం లేదు.

తర్వాత వాసన. నవ్వకండి, ఇది చాలా పనిచేస్తుంది. తొట్టి చెక్కల సందుల్లో, క్యాబిన్ మ్యాట్ కింద చేపల వాసన ఎంత కడిగినా పూర్తిగా పోదు. సీటు కింద, డ్యాష్‌బోర్డు వెనక ఎర్రమట్టి, ఒండ్రు కనిపిస్తే బండి మునిగి ఉండొచ్చు. సీటు బోల్టులు, పెడల్ పిన్నులు తుప్పుపట్టాయా చూడండి. వాన నీళ్లు మామూలుగా అంత లోపలికి వెళ్లవు.

బండిని పగటి పూటే చూడండి. సర్వీసింగ్ పిట్ లేదా ర్యాంపు ఉన్నచోట పెట్టమనండి. 'అక్కడిదాకా ఎందుకండీ, ఇక్కడే చూసుకోండి' అని కంకర యార్డులో చూపించే బండిని వదిలేసినా నష్టం లేదు. కడగని బండే మేలు. నిగనిగలాడేలా కడిగి, కింద కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే మాత్రం ఆ రంగే మొదటి అనుమానం కావాలి. సరిగా గీకి, ప్రైమర్ కొట్టి వేసిన రంగు నున్నగా ఉంటుంది. తుప్పు మీదే బ్లాక్ జపాన్ కొట్టేస్తే దగ్గరగా చూసినప్పుడు కంకర రోడ్డులా గరుకుగా, అక్కడక్కడ పొక్కులు లేచినట్టు కనిపిస్తుంది. వైర్ల మీద, రబ్బరు పైపుల మీద, నంబరు ప్లేటు బోల్టుల మీద కూడా అదే నల్ల రంగు పడి ఉంటే అది అమ్మకం కోసం హడావుడిగా కొట్టిన రంగే.

సుత్తి, స్క్రూడ్రైవర్, మొబైల్.. ఈ మూడు చాలు

కిందకి వెళ్లేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లకి ముందూ వెనకా కట్టెలు పెట్టించండి. జాకీ మీద లేపిన బండి కిందకి స్టాండ్లు లేకుండా దూరొద్దు. చేయి పట్టని సందుల్లోకి మొబైల్ ఫ్లాష్ వేసి వీడియో తియ్యండి. ఛాసిస్ పట్టీ పైభాగానికి, తొట్టికి మధ్య ఉన్న సందులో తల పెట్టి చూడలేరు కానీ ఫోన్ పడుతుంది. అసలు దొంగ అక్కడే ఉంటాడు. తర్వాత ఆ వీడియోని నమ్మకమైన మెకానిక్‌కి చూపించొచ్చు, పెద్దగా చేసి చూసుకోవచ్చు.

అన్ని తుప్పులూ ఒకటి కాదు, దీంట్లోనే చాలామంది తికమకపడతారు. పైన సన్నగా ఎర్రటి పొడిలా ఉండి, వైరు బ్రష్‌తో రుద్దితే పోయి, కింద గట్టి ఇనుము కనిపిస్తే భయపడాల్సిన పనిలేదు. పాత బండి అన్నాక అంత ఉంటుంది. అసలు ఏ తుప్పూ లేని పన్నెండేళ్ల లారీ దొరికితే అదే ఆశ్చర్యం. రెండో రకం పెచ్చులు. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే బిస్కెట్ ముక్కల్లా పొరలు ఊడి వస్తాయి. ఒక్కో పొరా ఊడిందంటే అంత ఇనుము పోయినట్టే, ఇక్కడ మందం చూడాలి. మూడోది, స్క్రూడ్రైవర్ నొక్కితే లోపలికి దిగబడే తుప్పు. ఛాసిస్‌లో ఎక్కడైనా అలా దిగబడిందంటే ఆ బండితో మీకు పనిలేదు. ధర ఎంత తగ్గించినా సరే.

చిన్న సుత్తితో ఛాసిస్ పట్టీ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది. పలచబడిన చోట, రెండు ప్లేట్ల మధ్య తుప్పు నిండిన చోట మొద్దుగా, తడి చెక్కని కొట్టినట్టు వినిపిస్తుంది. ఒక పక్క పట్టీకి, రెండో పక్క పట్టీకి అదే చోట తట్టి తేడా పోల్చండి. చెవికి రెండు నిమిషాల్లో అలవాటవుతుంది. అనుమానం వచ్చిన చోట వెర్నియర్‌తో పట్టీ అంచు మందం కొలిచి, అదే పట్టీలో తుప్పులేని చోటుతో పోల్చాలి. పెద్ద వర్క్‌షాపుల్లో, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ల దగ్గర అల్ట్రాసోనిక్ మందం మీటర్ ఉంటుంది, ఒక పక్క నుంచే కొలిచేస్తుంది. లక్షలు పెట్టే ముందు దాన్ని తెప్పించడం దండగ ఖర్చేం కాదు.

ఎక్కువసేపు చూడాల్సిన చోటు ఒకటుంది. ఛాసిస్‌కి బలం కోసం లోపల ఇంకో ప్లేటు వేసి రివిట్లు కొట్టి ఉంటారు కదా, ఆ రెండు ప్లేట్ల మధ్య. నీళ్లు అందులోకి దిగితే బయటికి రావు. అక్కడ పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే ప్లేట్లను లోపలి నుంచి జాకీ పెట్టినట్టు విడదీస్తుంది. పక్క నుంచి కన్ను ఆనించి చూస్తే రివిట్లకి, రివిట్లకి మధ్య ప్లేటు పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది. రివిట్ల తలలు లేచిపోయి ఉంటాయి, లేదా వాటి చుట్టూ ఎర్రటి నీటి చారలు ఉంటాయి. రంగు కొట్టి దీన్ని దాచలేరు. ఉబ్బు రంగు కింద కూడా ఉబ్బుగానే ఉంటుంది.

కమాన్ కట్టలు, వాటి బ్రాకెట్లు తర్వాత. లోడు మొత్తం అక్కడే దిగుతుంది. కమాన్ ఆకుల మధ్య తుప్పు పేరుకుంటే ఆకులు ఒకదాని మీద ఒకటి జారవు, సస్పెన్షన్ గట్టిపడిపోతుంది. అంతకంటే ప్రమాదం, తుప్పు తిన్న చిన్న గుంత దగ్గర పగులు మొదలవుతుంది. ఓవర్‌లోడు మీద గుంతలో దిగిన రోజు అక్కడే విరుగుతుంది. యూ బోల్టుల మెడ సన్నబడిందా చూడండి. బ్రాకెట్ ఛాసిస్‌కి కలిసే చోట వెంట్రుకంత గీత కనిపించినా వదలొద్దు. దాని చుట్టూ ఎర్రటి పొడి ఉంటే అది పగులే అనుకోవచ్చు.

బ్రేకుల గాలి ట్యాంకు బయట కంటే లోపల ఎక్కువ తుప్పుపడుతుంది. కంప్రెసర్ పంపే గాల్లో తేమ ఉంటుంది, అది ట్యాంకు అడుగున నీరై కూర్చుంటుంది. డ్రెయిన్ వాల్వ్ లాగి చూడండి. కాసిని నీళ్లొస్తే సరే. ఎర్రటి బురద నీళ్లొస్తే ట్యాంకు లోపల గోడలు పోతున్నాయని, ఆ తుప్పు పొడి బ్రేకు వాల్వుల్లోకి వెళ్తోందని అర్థం. తర్వాత ఇంజిన్ ఆపి, గాలి పూర్తి ప్రెషర్ ఉన్నప్పుడు గేజ్ చూడండి. ముల్లు చూస్తుండగానే పడిపోతుంటే ఎక్కడో పైపో, జాయింటో లీకవుతోంది. బ్రేకు చాంబర్ బ్రాకెట్లు, డీజిల్ ట్యాంకు పట్టీలు, స్పేర్ టైరు క్యారియర్ కూడా చేత్తో ఊపి చూడాల్సినవే.

బీఎస్-6 బండి, అంటే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన మోడల్ అయితే వైరింగ్, సెన్సర్లు ఎక్కువ. ఎర్త్ పాయింట్లు తుప్పుపడితే డ్యాష్‌బోర్డులో రోజుకో లైటు వెలుగుతుంది, మెకానిక్ రోజుకో సెన్సర్ మారుస్తాడు. డెఫ్ ట్యాంకు చుట్టూ తెల్లటి పూత పేరుకుని ఉంటే ఆ ద్రవం కారుతోందని గుర్తు. మామూలు ఇనుముకి, రాగి కనెక్టర్లకి అది కూడా శత్రువే. చిన్న ట్రాలీ బండ్లలో ఇనుము మందమే తక్కువ కాబట్టి ఇవే పరీక్షలు ఇంకా కఠినంగా చెయ్యాలి.

'వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందిలెండి' అంటే?

బ్రోకర్ నోట ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఎక్కడ వెల్డింగ్ అన్నది ముఖ్యం. తొట్టి అడ్డపట్టీలు, మడ్‌గార్డ్ బ్రాకెట్లు, ఫుట్‌బోర్డు, బంపర్.. వీటికి వెల్డింగ్ మామూలే. విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి పని చేసే షెడ్లు వరసగా ఉంటాయి. ఛాసిస్ పొడవు పట్టీలు మాత్రం అలా కాదు. అవి ఎక్కువ బలం తట్టుకునేలా ప్రత్యేకంగా చేసిన స్టీలు. దాని పై అంచు, కింది అంచు మీద ఇష్టమొచ్చినట్టు వెల్డింగ్ పెట్టినా, రంధ్రాలు వేసినా ఆ చుట్టుపక్కల బలం తగ్గిపోయి పక్కనే కొత్త పగులు మొదలవుతుంది. తయారీ కంపెనీలు రిపేరు మాన్యువల్‌లో అందుకే అక్కడ ఆంక్షలు పెడతాయి. తుప్పు తిని పలచబడ్డ పట్టీ మీద ప్లేటు అతికిస్తే మరీ ప్రమాదం. కింద ఇనుము లేకుండా పైన ప్లేటు దేన్ని పట్టుకుంటుంది?

ఇప్పటికే ప్లేట్లు అతికించి ఉన్న బండి అయితే ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ చేయించారో అడగండి. ఆ ప్లేట్ల అంచుల దగ్గర సుత్తితో తట్టండి. ఛాసిస్ నంబరు కొట్టిన చోటు ప్రత్యేకంగా చూడాలి. అక్కడ తుప్పు పట్టి అంకెలు కనిపించకపోయినా, గ్రైండింగ్ చేసినట్టున్నా ఆర్టీవో దగ్గర బదిలీ ఆగిపోవడం మీ తలనొప్పే అవుతుంది.

'మొన్ననే ఎఫ్‌సీ అయ్యింది' అనే మాటకి ఎంత విలువ?

ఇక్కడే అసలు మెలిక. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. బ్రేకు ఎంత పడుతోంది, హెడ్‌లైట్ ఎటు కొడుతోంది, పొగ ఎంత వస్తోంది.. వీటిని మిషన్ కొలుస్తుంది. మనిషి కన్నుసన్నలతో పాస్ చేసే పద్ధతి తగ్గుతుంది కాబట్టి ఇది మంచి మార్పే. కానీ ఛాసిస్ పట్టీ మందం ఎంత మిగిలిందో కొలిచే మిషన్ ఈ వరసలో లేదు. కాబట్టి ఎఫ్‌సీ ఉందంటే ఆ రోజు బ్రేకు పట్టిందని, లైట్లు వెలిగాయని అర్థం. రివిట్ల మధ్య ఉబ్బు లేదని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు.

ఇన్సూరెన్స్ కూడా ఆదుకోదు. వరదలో మునిగితే ప్యాకేజీ పాలసీ ఉన్నవాళ్లకి క్లెయిమ్ వస్తుంది. అదే నీటి వల్ల ఏడాది తర్వాత నెమ్మదిగా పట్టిన తుప్పుకి రాదు. అది అరుగుదల కిందకి వస్తుంది. పైగా క్లెయిమ్ చేసుకున్నది పాత ఓనరు, తుప్పు భరించేది కొత్త ఓనరు.

వేల రూపాయల ఫీజు కట్టించుకుంటున్నప్పుడు, పదేళ్లు దాటిన హెవీ బండికి నాలుగైదు చోట్ల ఛాసిస్ మందం కొలిచి ఆ అంకెలు సర్టిఫికెట్ మీద వెయ్యడం పెద్ద పనేం కాదు. మీటర్ ఉంటే నిమిషాల పని. అప్పుడు నిజామాబాద్ వైపు పాత బండి తన బలాన్ని నిరూపించుకుంటుంది, తీరంలో చివికిన కొత్త బండి దొరికిపోతుంది. వరద క్లెయిమ్ అయిన బండి అని వాహన్ రికార్డులో కొనేవాడికి కనిపించేలా పెట్టినా సగం మోసాలు ఆగుతాయి. లారీ యజమానుల సంఘాలు ఫీజు తగ్గించమని అడగడంతో పాటు ఇది కూడా అడిగితే వాళ్ల వాదనకే బలం. వయసు కాకుండా బండి స్థితి చూడండి అనడానికి చేతిలో ఒక కొలత ఉంటుంది కదా.

కొన్నాక తుప్పును ఆపేది రంగు కాదు, నీళ్లు

బండి తీసుకున్నాక చాలామంది చేసే మొదటి పని కింద నల్ల రంగో, రబ్బరు కోటింగో కొట్టించడం. తుప్పు మీద కొట్టిస్తే అది దుప్పటి కప్పినట్టే. లోపల తేమ అలాగే ఉండి పని చేసుకుంటూ పోతుంది, ఈసారి మీకు కనిపించకుండా. ముందు కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, పెచ్చులన్నీ గీకాలి లేదా శాండ్ బ్లాస్టింగ్ చేయించాలి. తర్వాత మిగిలిన సన్న తుప్పుకి రస్ట్ కన్వర్టర్, దాని మీద ఎపాక్సీ లేదా జింక్ ప్రైమర్, ఆ పైన ఛాసిస్ బ్లాక్. చెయ్యి దూరని సందుల్లోకి, ప్లేట్ల అంచుల్లోకి మైనంలా పాకే కోటింగ్ స్ప్రే చేయించాలి. ఖర్చు, టైము రెండూ పడతాయి. పొడి ఎండలున్న ఫిబ్రవరి నుంచి మే మధ్యలో చేయిస్తే నిలుస్తుంది. ముసురులో చేయిస్తే డబ్బు దండగ. బ్రేకు డ్రమ్ములు, గొట్టాలు, వాల్వులు, సైలెన్సర్, సెన్సర్ల మీద కోటింగ్ పడకుండా కప్పించండి, నీళ్లు కారిపోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి.

పాత ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిపి కొట్టే అలవాటు మనవాళ్లలో ఎప్పటి నుంచో ఉంది. నూనె పొర నీటిని కొంతకాలం ఆపుతుంది, కాదనలేం. కానీ కాలిన ఆయిల్‌లో ఆమ్లాలు, మసి ఉంటాయి. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, బ్రేకు లైనర్ మీద పడితే బ్రేకు జారుతుంది. దుమ్ము అంటుకుని నల్లటి ముద్దలా మారి దాని కింద నీళ్లు నిలుస్తాయి. వాడేసిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి కూడా వస్తుంది, చెరువుగట్టు మీద బండి పెట్టి స్ప్రే కొట్టడం నేరుగా ఊరి నీళ్లలో కలపడమే. చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు కానీ ఇప్పుడు మైనం రకం కోటింగులు దొరుకుతుండగా దీని అవసరం కనిపించదు.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసేది కడగడం. ఉప్పు సరుకో, చేపలో, పొటాషో దించిన రోజే మంచినీళ్లతో కింద నుంచి పైకి కొట్టించాలి. 'మంచినీళ్లు' అన్న మాట గట్టిగా చెప్పుకోవాలి. తీర ప్రాంత మండలాల్లో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. నరసాపురం వైపో, మచిలీపట్నం వైపో రోడ్డు పక్క వాటర్ సర్వీసింగ్‌లో ఆ బోరు నీళ్లతో కడిగిస్తే బురద పోతుంది, ఉప్పు కొత్తగా చేరుతుంది. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. కాలవ నీళ్లు, మున్సిపల్ నీళ్లు వాడే చోట కడిగించండి. ప్రెషర్ నీళ్లు పిన్నుల్లో గ్రీసు కూడా లాగేస్తాయి కాబట్టి కడిగించిన ప్రతిసారీ గ్రీసు కొట్టించాలి. ఆ తర్వాత కాస్త దూరం నడిపి ఆరనివ్వాలి. తడి బండిని తీసుకెళ్లి గడ్డి మొలిచిన నేల మీద వారం పెట్టేస్తే కడిగిన ఫలితం పోతుంది.

చేపల లోడు తప్పదు అనుకునేవాళ్లు తొట్టి అడుగున నీళ్లు ఒక్క చోటికి చేరి పైపు ద్వారా ట్యాంకులోకి వెళ్లే ఏర్పాటు బాడీ కట్టించేటప్పుడే చేయించుకోవాలి. ఛాసిస్ మీద నీళ్లు పడవు, వెనక బైకు మీద వచ్చేవాడూ జారిపడడు. గాలి ట్యాంకు డ్రెయిన్ రోజూ బండి ఆపాక లాగాలి. ఎయిర్ డ్రయ్యర్ కార్ట్రిడ్జ్‌ని కంపెనీ చెప్పిన గడువులో మార్చాలి. డ్రెయిన్ లాగడం మెకానిక్ పని కాదు, డ్రైవరు అర నిమిషం పని.

చివరగా బేరం. పైపై తుప్పు, పోయిన బ్రాకెట్లు, మార్చాల్సిన గాలి ట్యాంకు కనిపిస్తే మెకానిక్‌తో కూర్చుని వాటి ఖర్చు లెక్క రాయించి, అది ధరలో తగ్గించమని అడగండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు అగ్రిమెంట్‌లో 'బండి వరదలో మునగలేదు, ఛాసిస్‌కి వెల్డింగ్ జరగలేదు' అని రాయించి సంతకం తీసుకోండి. నిజంగా మంచి బండి అయితే ఆ రెండు ముక్కలు రాయడానికి అమ్మేవాడికి అభ్యంతరం ఉండదు. రాయనంటే మీరు ఇంకో బండి చూసుకోవచ్చు, యార్డులో బండ్లకి కొదవేం లేదు.